ఎంఐ-26తో ఏళ్ల పని: మ్యూజియం బోర్డు మీద రాయని సంగతులు

ఎంఐ-26 అనే సోవియట్ కాలపు భారీ హెలికాప్టర్ ముందు మ్యూజియంలో పెట్టే బోర్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది ఒకటే: 20 టన్నులు ఎత్తుతుంది. అబద్ధమేమీ కాదు. కానీ లెక్క వేసి చూడండి. ఖాళీ బరువు 28.2 టన్నులు. ట్యాంకులు నిండా నింపితే ఇంధనం 12,000 లీటర్లు, అంటే సుమారు 9.4 టన్నులు. మామూలు టేకాఫ్ బరువు 49.6 టన్నులు, గరిష్ఠం 56. మామూలు బరువు దాటకుండా నిండు ట్యాంకులతో లేవాలంటే సరుకుకు మిగిలేది 12 టన్నులు, అందులోంచే సిబ్బంది బరువూ పోవాలి. 20 టన్నులూ ఎక్కించాలంటే ఇంధనం తగ్గించాలి, లేదా 56 వైపు జరగాలి. అందుకే ఈ యంత్రంతో పని చేసినవాళ్లు ముందు అడిగేది "ఎంత బరువు?" అని కాదు, "ఎంత దూరం, ఎంత ఎత్తుకి?" అని.

ఎత్తు సంగతి మరీ ముఖ్యం. చండీగఢ్‌లో 35 డిగ్రీల ఎండలోనే గాలి సాంద్రత సముద్రమట్టపు ప్రామాణిక విలువ కన్నా దాదాపు 10 శాతం తక్కువ. కేదార్‌నాథ్ ఎత్తున 30 శాతం దాకా తగ్గుతుంది. రోటర్‌కి, అంటే పైన తిరిగే రెక్కలకి, పట్టు దొరకదు, ఇంజన్‌కి ఊపిరి చాలదు. దీని డి-136 ఇంజన్లు రెండూ కలిపి 22,000 హార్స్‌పవర్ పైమాటే, ఆ శక్తిని రోటర్‌కి అందించే గేర్‌బాక్స్ తీసుకోగలిగేది దాదాపు 20,000. కింద వృథాగా కనిపించే ఆ మిగులు, పైకి వెళ్లేకొద్దీ గేర్‌బాక్స్‌కి అందాల్సిన శక్తి అందేలా చూస్తుంది. అదే మిగులు వల్ల ఒక ఇంజన్ ఆగినా తేలిక బరువుతో గాలిలో నిలబడొచ్చు. బరువు నిండుగా ఉండి, ఎండలో, కొండల మధ్య ఆగితే మాత్రం ఆ భరోసా లేదు.

మైదానంలో ఒక వెసులుబాటు ఉంది. చక్రాలున్నాయి కాబట్టి కాస్త పరుగెత్తించి లేపొచ్చు. ముందుకు కదిలితే రోటర్‌లోకి కొత్త గాలి వస్తుంది, నిలబడి లేవడానికి కావలసినంత శక్తి అక్కర్లేదు. కొండ మీద హెలిప్యాడ్‌కి ఆ చోటు ఉండదు. కింద లేచిన బరువుతో పైన నిలబడి దిగలేకపోవచ్చు. అందుకని దిగే చోటు లెక్కే ముందు వేయాలి.

అయినా నా లెక్కలో దీని అసలు గొప్ప రోటర్ కాదు, పొట్ట. 12 మీటర్ల పొడవు, 3.25 వెడల్పు, దాదాపు 3 మీటర్ల ఎత్తు. అమెరికా వాళ్ల రెండు రోటర్ల భారీ హెలికాప్టర్ చినూక్ లోపలి వెడల్పు 2.3 మీటర్ల లోపే, ఎత్తు 2 మీటర్లు. 2019 మార్చిలో భారత వైమానిక దళంలోకి చినూక్‌లు వచ్చాక చాలా పనులు వాటికే వెళ్లాయి, వెళ్లడం న్యాయమే. చినూక్ రెండు రోటర్లూ బరువే ఎత్తుతాయి, తోక రోటర్‌కి శక్తి పోదు. కానీ బుల్‌డోజర్‌ని విప్పకుండా, లేదా బ్లేడు మాత్రం విప్పి లోపలికి నడిపించడం చినూక్‌లో కుదరదు. 2013 వరదల తర్వాత కేదార్‌నాథ్‌కి భారీ యంత్రాలు చేరడానికి ఎంఐ-26 కావలసివచ్చింది ఇందుకే. 2002లో అఫ్గానిస్థాన్‌లో దెబ్బతిన్న ఒక అమెరికన్ చినూక్‌ని స్లింగ్‌కి (కింద వేలాడే తాళ్లకి) కట్టి మోసుకొచ్చిందీ ఒక ఎంఐ-26నే. చినూక్ అభిమానులకు ఈ మాట రుచించదు.

ఎక్కించడంలో తొందర పనికిరాదు. బండిలో డీజిల్‌తో సహా బరువు తూచాలి. కంపెనీ పుస్తకంలో రాసిన బరువు నమ్మితే బకెట్, అదనపు సామాను లెక్కలోకి రావు. ప్రధాన చక్రాల కాళ్లను హైడ్రాలిక్స్‌తో దించితే వెనక గుమ్మం కిందికి వస్తుంది, ర్యాంప్ వాలు తగ్గుతుంది. ట్రాక్‌ల బండి అయితే ఫ్లోర్ మీద మందమైన చెక్క పలకలు పరవాలి. పరవకపోతే ఇనుప పట్టీల అంచులు ఫ్లోర్ ప్యానెల్‌ని నొక్కేస్తాయి, ఆ సొట్ట తర్వాత సరుకు జరిపే రోలర్లకు అడ్డం పడుతుంది. పెట్టెల సరుకుకు పైన పట్టాల మీద నడిచే రెండు ఎలక్ట్రిక్ హాయిస్టులున్నాయి, ఒక్కోటి 2.5 టన్నులు. గురుత్వ కేంద్రం సరిచూసుకుని గొలుసులు ముందుకీ వెనక్కీ ఏటవాలుగా బిగించాలి. నిలువుగా బిగిస్తే బండి పైకి లేవదేమో కానీ ముందుకు జారుతుంది. అంతా అయ్యాక ఫ్లైట్ ఇంజనీర్ తన ప్యానెల్ మీదే మొత్తం బరువు చూసుకోవచ్చు, చక్రాల కాళ్లలోని ఏర్పాటు చెబుతుంది. ఇంత మంచి సౌకర్యం గురించి ఎవరూ మాట్లాడరెందుకో.

స్లింగ్ పనిలో రెండు జాగ్రత్తలు. కొక్కేన్ని చేత్తో ముట్టుకునే ముందు ఎర్తింగ్ రాడ్ తాకించాలి, గాలిలో తిరిగే యంత్రం స్థిర విద్యుత్తు పోగు చేసుకుంటుంది. రెండోది, ఖాళీ కంటైనర్ లాంటి తేలికైన పెద్ద పెట్టెలు బరువైన ఇనుము కన్నా ఎక్కువ ఊగుతాయి. వేగం తగ్గించడమే మందు.

దీని గాలి దెబ్బ మాటల్లో చెప్పడం కష్టం. 32 మీటర్ల రోటర్, ఎనిమిది బ్లేడ్లు. హెలిప్యాడ్ చుట్టూ రేకులు, టార్పాలిన్లు, ఖాళీ డ్రమ్ములు ముందే తీసేయాలి. మట్టి నేల తడపాలి. ఇంజన్ ముందు దుమ్ము వేరుచేసే ఏర్పాటు ఉన్నా, దుమ్ములో ఎక్కువసేపు నిలబెడితే కంప్రెసర్ బ్లేడ్లు అరుగుతాయి.

విడిభాగాలే దీనికి పెద్ద రోగం. రష్యన్ పద్ధతిలో చాలా భాగాలకు గంటల లెక్కతో పాటు ఏళ్ల లెక్కా ఉంటుంది. ఎగరకుండా హ్యాంగర్‌లో ఉన్నా వయసు అయిపోతుంది. పైగా హెలికాప్టర్ రష్యాలోని రొస్తోవ్‌లో తయారైతే, ఇంజన్ ఉక్రెయిన్‌లోని జపరోజియాలో. ఆ రెండు దేశాల మధ్య గొడవ మొదలైన 2014 తర్వాత ఈ రెండు చోట్ల నుంచీ ఒకే యంత్రానికి సామాను తెప్పించడం ఎంత చిక్కో ఊహించుకోవచ్చు. ఎగిరే సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంత ఉన్నప్పుడు, ఒక్క గేర్‌బాక్స్ ఆగినా మొత్తం దళం కుంటుతుంది.

కీవ్‌లోని ఏవియేషన్ మ్యూజియంలో ఒక ఎంఐ-26 ఉంది. ఏ దేశంలోనైనా ఇలాంటిది మ్యూజియానికి తెచ్చేవాళ్లు ముందు ట్యాంకులు, హైడ్రాలిక్ నూనె ఖాళీ చేయించాలి. ఇంజన్ల పైన ఉండి వాటికి ఇంధనం అందించే ఫీడర్ ట్యాంకులను మరిచిపోతారు, అవీ చూడాలి. మంటలార్పే సీసాల పేలుడు గుళికలు, బ్యాటరీలు తీసేయాలి. చాలా సోవియట్ హెలికాప్టర్లలో మంచు కనిపెట్టే పరికరంలో రేడియోధార్మిక పదార్థమైన స్ట్రాన్షియం-90 ఉంటుంది, దాన్ని తెలిసినవాళ్లతోనే తీయించాలి. బ్లేడ్లు బయట ఉంచితే ఒక్కొక్కటీ కట్టాలి, లేకపోతే ఈదురుగాలికి కొట్టుకుని మొదళ్లు దెబ్బతింటాయి. వెనక తలుపులు మూసి, మెట్ల మీంచి కాక్‌పిట్ మాత్రం చూపిస్తే సగం చూపించినట్టే. తలుపులు తెరిచి ర్యాంప్ దించి, లోపల గొలుసులతో బిగించిన ఒక బండిని ఉంచండి. ర్యాంప్ కింద గట్టి దిమ్మెలు పెట్టండి, హైడ్రాలిక్స్ ఒత్తిడి లేకుండా ఏళ్ల తరబడి జనం బరువు మోయడానికి దాన్ని చేయలేదు.