కుక్కపిల్లకు ‘కూర్చో’ నేర్పడం: ఒత్తి కూర్చోబెట్టడమా, తిండి చూపడమా, కాచుకోవడమా?

ఎనిమిది వారాల వయసులో ఇంటికి వచ్చిన కుక్కపిల్లకు ‘కూర్చో’ అన్న మాట, గాలికి తలుపు కొట్టుకున్న చప్పుడు కంటే ఎక్కువేమీ కాదు. అయినా శిక్షణ మొదలుపెట్టేవారిలో చాలామంది మాటను పదిసార్లు వినిపించి, పని దానంతట అదే వస్తుందని ఆశిస్తారు. ముందు పనిని రప్పించి, అది నిలకడగా వస్తున్నప్పుడు దానికి పేరు పెట్టడం సులువైన దారి. ఆ పనిని రప్పించడానికి వాడుకలో మూడు పద్ధతులున్నాయి: నడుము వెనుక భాగాన్ని చేత్తో ఒత్తి కూర్చోబెట్టడం, తిండి ముక్కను ముక్కు ముందు కదిపి శరీరాన్ని నడిపించడం, అది తనంతట తాను కూర్చునే దాకా కాచుకుని ఆ క్షణాన బహుమానం ఇవ్వడం.

ఒత్తి కూర్చోబెట్టడం పాత పద్ధతి. జర్మనీలో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చిన కోన్రాడ్ మోస్ట్ 1910లో అక్షరబద్ధం చేసిన విధానాల్లో బలవంతానికి పెద్ద చోటే ఉంది. ఆ ధోరణి తరువాత చాలాకాలం ఇళ్లలోని పెంపుడు కుక్కల దాకా పాకింది. మెల్లగా ఒత్తితే అది క్రూరత్వమేమీ కాదు గనక నా అభ్యంతరం అక్కడ లేదు. నడుము మీద బరువు పడగానే కుక్కపిల్ల కాళ్లు బిగబట్టి ఎదురు ఒత్తుతుంది, ఆ పెనుగులాటలో దాని దృష్టి మాట మీద కాక చేయి మీద నిలుస్తుంది, చివరికి ‘చేయి తగిలితే కూర్చోవాలి’ అన్న పాఠమే దానికి మిగులుతుంది. పైగా ఎదుగుతున్న కీళ్ల మీద రోజూ బరువు వేయవలసిన అవసరం ఏమీ లేదు. పట్టీ గుంజడం, గద్దించడం కూడా ఈ దారిలోని మలుపులే. 2020లో పోర్చుగల్ పరిశోధకులు 92 కుక్కలను గమనించినప్పుడు, శిక్షలు వాడే శిక్షణాలయాల కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు బహుమాన పద్ధతి వాటి కంటే ఎక్కువగా కనిపించాయి. జంతు ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో కుక్కల శిక్షణకు బహుమాన పద్ధతులనే సూచించింది.

తిండి చూపి నడిపించే పద్ధతి వీటిలో అన్నిటికంటే వేగమైనది. బఠాణీ గింజంత మెత్తని ముక్కను ముక్కుకు ఆనించినంత దగ్గరగా పట్టుకుని, రెండు చెవుల మధ్యగా మెల్లగా వెనక్కి జరిపితే తల పైకి లేస్తుంది, తల లేచిన కొద్దీ వెనుక భాగం నేలకు దిగుతుంది. చేయి మరీ ఎత్తితే అది ఎగురుతుంది; వెనక్కి నడిచిపోతుంటే గది మూలన నిలబెట్టి చేయిస్తే సరిపోతుంది. చాలా పిల్లలు మొదటి పూటే ఇది పట్టుకుంటాయి. అయితే ఈ పద్ధతి చెడేది కూడా ఈ వేగం వల్లనే. పని జరుగుతోంది కదా అని వారాల తరబడి చేతిలో తిండి పట్టుకునే తిరిగితే, కుక్క మాట వినడం మానేసి చేతిని తనిఖీ చేయడం నేర్చుకుంటుంది. ముక్క కనబడితే కూర్చుంటుంది, లేకపోతే మన ముఖం చూసి వెళ్లిపోతుంది. కాబట్టి మూడు నాలుగు సార్లు కాగానే ఖాళీ చేత్తో అదే కదలిక చేసి, తిండిని రెండో చేతి నుంచో జేబులో నుంచో ఇవ్వాలి. ఖాళీ చేతి కదలికే క్రమంగా సైగగా మారుతుంది. మాటను ఆ సైగకు ఒక క్షణం ముందు పలకాలి; రెండూ ఒకేసారి వస్తే కుక్క సైగనే చూస్తుంది, మాట దానికి వినిపించనట్టే.

కాచుకోవడం ఓపిక ఉన్నవారి పద్ధతి. ఎడ్వర్డ్ థోర్న్‌డైక్ 1898లో, పెట్టెల్లో బంధించిన పిల్లులు తలుపు తెరుచుకునే పనిని ఎలా పట్టుకున్నాయో వివరిస్తూ చెప్పిన సూత్రమే దీనికీ ఆధారం: మంచి ఫలితం ఇచ్చిన పని మళ్లీ మళ్లీ జరుగుతుంది. కుక్కపిల్ల రోజుకు ఎన్నోసార్లు తానే కూర్చుంటుంది. కూర్చున్న క్షణాన క్లిక్కర్ (నొక్కితే ‘టిక్’మనే చిన్న పరికరం) నొక్కి, లేదా ‘భేష్’ అని ఒకే స్వరంతో చెప్పి, వెంటనే తిండి ఇస్తే రెండు మూడు రోజుల్లో అది మన ఎదుటికి వచ్చి కూర్చోవడం మొదలుపెడుతుంది. క్లిక్ శబ్దం పొట్టిగా, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది గనక క్షణాన్ని గురిగా పట్టిస్తుంది. మాటకు ఆ గురి కొంత తక్కువైనా, మరిచిపోయి వేరే గదిలో పెట్టే ప్రమాదం లేదు. ఇంటి పాఠాలకు మాట చాలునని నా అభిప్రాయం. ఈ పద్ధతిలో కష్టం మనిషి వైపే ఉంది: రోజంతా కళ్లు కుక్క మీద, తిండి చేతికి అందే దూరంలో ఉండాలి, పిల్ల కూర్చోకపోతే ఊరికే నిలబడి చూడవలసి ఉంటుంది.

‘కూర్చో’ వరకు నా ఓటు తిండి చూపడానికే. ‘పడుకో’ దగ్గర మాత్రం తీర్పు మారుతుంది. ముక్కను నేల మీదికి దించగానే కొన్ని పిల్లలు తల వంచి వెనుక భాగాన్ని పైకెత్తి నిలబడతాయే తప్ప ఎంతసేపైనా పడుకోవు. అదే పిల్ల ఆటలాడి అలిసి పడుకున్నప్పుడు పక్కన నిశ్శబ్దంగా ఒక ముక్క పెడితే, పని మాత్రమే కాక నెమ్మది కూడా అలవడుతుంది; అతిథులు వచ్చినప్పుడు అది ఒళ్లు మరిచి ఎగరకుండా ఉండడానికి ఈ నెమ్మదే పనికొస్తుంది. ‘ఆగు’కు పై మూడింటిలో ఏదీ నేరుగా సరిపోదు, కూర్చున్న పిల్లకు ముందు సమయం పెంచి, తరువాత దూరం పెంచి, ఆఖరున చుట్టూ సందడి చేర్చాలి. మూడూ ఒకేసారి పెంచితే తప్పు పిల్లది కాదు. ఏ పాఠమైనా మూడు నుంచి ఐదు నిమిషాలు మించకూడదు.

ఇక ‘రా’. దీని విషయంలో పద్ధతి కంటే మాట ఎంపికే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మన ఇళ్లలో ‘ఏంట్రా’, ‘వద్దురా’, ‘కూర్చోరా’, ‘ఆగురా’ అని ప్రతి వాక్యం చివరా ‘రా’ వినిపిస్తూనే ఉంటుంది. అందులో ఏ ‘రా’ తనను పిలవడానికో కుక్కపిల్లకు ఎలా తెలుస్తుంది? పైగా ‘ఆగురా’ అని ఆపుతూనే ‘రా’ అని పిలిచినట్టవుతుంది. అందువల్ల పిలుపుకు మామూలు మాటల్లో కలిసిపోని ‘ఇటు’ వంటి మాటనో, ఇంట్లో ఎవరూ మరో పనికి వాడని ఈలనో ఎంచుకోవడం మేలు. ఏది ఎంచుకున్నా ఆ పిలుపుకు వచ్చిన పిల్లను తిట్టకూడదు, స్నానానికి పట్టుకోకూడదు, ఆట మాన్పించి గదిలో పెట్టకూడదు. అలాంటి పనులకు మనమే లేచి దాని దగ్గరికి వెళ్లాలి.