అమ్మ మోకాళ్ల కోసం హాట్ టబ్: హైదరాబాద్‌లో అయిదు రోజులు

'ప్రైవేట్ జకూజీ' (వేడినీళ్ల టబ్బు) అని చెప్పి రాత్రికి 16,000 తీసుకునే ఫామ్‌హౌస్‌లు చేవెళ్ల రోడ్డు చుట్టుపక్కల ఇప్పుడు చాలా ఉన్నాయి. డబ్బు కట్టే ముందు ఆ నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి, టబ్బు గోడను లోపలి వైపు వేలితో రుద్ది చూడండి. మేం చూడలేదు. నా నడుము మీద, అక్క కొడుకు తొడల మీద ఎర్రటి పొక్కులు వారం పైనే ఉన్నాయి.

అమ్మకు 71 ఏళ్లు, సైనిక్‌పురిలో అక్క దగ్గర ఉంటుంది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. డిసెంబర్ వచ్చిందంటే పొద్దున మంచం దిగడానికే పావుగంట పడుతుంది. వేడినీళ్లలో కూర్చుని కాళ్లు కదిలిస్తే కీళ్ల మీద బరువు పడకుండా వ్యాయామం అవుతుందని ఫిజియోథెరపీ డాక్టరు చెప్పారు. ఇంట్లోనే ఒక హాట్ టబ్ పెట్టిద్దామని అక్కా నేనూ అనుకున్నాం. కొనేముందు అమ్మకు అలవాటవుతుందో లేదో చూడాలి కదా, క్రిస్మస్ సెలవులకు హనుమకొండ నుంచి నేనూ మావారూ బయలుదేరాం. దారి సాఫీగా గడిచింది, మూడు గంటల్లో అక్క ఇంట్లో ఉన్నాం.

మర్నాడు అందరం చేవెళ్ల వైపు వెళ్లాం. రోడ్డుకు రెండు వైపులా ఆ పెద్ద పెద్ద మర్రిచెట్లు చూసి అమ్మ కారు ఆపించి దిగింది, ఊడలు పట్టుకుని ఫొటో దిగింది. ఆ రోజుకు ఆమె నవ్విన నవ్వు అదొక్కటే.

గది బాగుంది, పక్కలు శుభ్రంగా ఉన్నాయి, రాత్రి పెట్టిన నాటుకోడి పులుసు, జొన్న రొట్టె నిజంగా బాగున్నాయి. టబ్బు మాత్రం దారుణం. మూత తీయగానే ముక్కు మండే క్లోరిన్ వాసన. నీళ్ల మీద కుంకుడుకాయ రసంలా నురగ. అంచు చుట్టూ చేతికి జిడ్డుగా తగిలే గోధుమరంగు గీత. 'వాసన వస్తోందంటే శుభ్రంగా ఉన్నట్టు మేడమ్' అన్నాడు మేనేజరు. ఆ మాట నమ్మి నేనూ పిల్లాడూ దిగాం. అడుగు మీద కాలు జారింది, గోడ పాచి పట్టినట్టు ఉంది. అమ్మను దింపుదామంటే పట్టుకోవడానికి ఒక్క కడ్డీ కూడా లేదు, మెట్టు తడితడిగా ఉంది. ఆమె దిగలేదు. షుగర్ ఉన్న మనిషి, దిగి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ భయమేస్తుంది.

మేనేజరు చెప్పింది పూర్తిగా తప్పని తర్వాత తెలిసింది. సరిపడా క్లోరిన్ ఉన్న మంచి నీళ్లకు అంత వాసన ఉండదు. చెమటతో, మూత్రంతో కలిసి క్లోరిన్ క్లోరమిన్లుగా మారినప్పుడే ఆ ఘాటు వస్తుంది. అంటే ఆ వాసన మురికి గుర్తు. అక్కడ పనిచేసే కుర్రాడు పాపం నిజాయితీపరుడు. నేను అడిగితే ఫిల్టరు మూత తీసి చూపించాడు. తెల్లగా ఉండాల్సిన కాగితంలాంటి మడతలు బొగ్గు రంగులో ఉన్నాయి. దసరా నుంచి అవే నీళ్లట. ప్రతి శనివారం రెండు గుప్పిళ్లు బ్లీచింగ్ పౌడర్ వేయమన్నారట, వేస్తున్నాడు. కొలవడానికి ఏమైనా ఇచ్చారా అంటే ఏమీ ఇవ్వలేదన్నాడు.

తర్వాతి రోజు సాయంత్రానికి స్విమ్ సూట్ అంటుకున్న చోటల్లా ఎర్రటి పొక్కులు, దురద. పిల్లాడికి ఇంకా ఎక్కువ. ఈసీఐఎల్ దగ్గర చర్మం డాక్టరు చూడగానే, 'టబ్బులో గానీ దిగారా?' అని అడిగారు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుందట. వేడి నీళ్లలో క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది కాబట్టి సరిగా చూడని టబ్బుల్లో అది పెరుగుతుంది. చాలామందికి దానంతట అదే తగ్గుతుందన్నారు. ఫీజు 600, లోషన్ 340. ఫామ్‌హౌస్‌కి ఫోన్ చేస్తే మొదట నవ్వారు. పొక్కుల ఫొటోలు, ఫిల్టరు ఫొటో పంపాక, నాలుగుసార్లు మాట్లాడాక, 2,000 వెనక్కి ఇచ్చారు. 16,000కి రెండు వేలు! మావారు వదిలెయ్యమన్నారు. నేను మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

ఇక టబ్బు ఆలోచనే మానేద్దామని అక్క అంది. అమ్మేమీ మాట్లాడలేదు, కానీ ఆమె ముఖం చిన్నబోయింది. అందుకే నాలుగో రోజు గచ్చిబౌలి వైపు ఒక పెద్ద హోటల్లో డే పాస్ తీసుకున్నాం, మనిషికి 1,800. అమ్మా నేనూ మాత్రమే వెళ్లాం. అక్కడ నాకు కళ్లు తెరుచుకున్నాయి. టబ్బు పక్కన గోడకు ఒక అట్ట తగిలించి ఉంది. రెండేసి గంటలకు ఒక వరుస: టైము, వేడి 38 డిగ్రీలు, పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 7.4, క్లోరిన్ 4. మేం ఉండగానే అటెండర్ వచ్చాడు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు కలిపి ఊపాడు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. రంగుల చార్టు పక్కన పెట్టి చూసి, పెన్ను తీసి అట్ట మీద రాశాడు. మొత్తం రెండు నిమిషాల పని. నీళ్లకు వాసన లేదు, అడుగున ఉన్న టైల్స్ గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కడ్డీ పట్టుకుని అమ్మ మెల్లగా దిగింది. మెడ దాకా నీళ్లు వచ్చాక, కుడికాలు నిటారుగా చాపి, మళ్లీ మడిచి, నా వైపు చూసింది. 'నొప్పి లేదే' అంది. రెండేళ్ల తర్వాత ఆ మాట విన్నాను. ఆ 3,600 ఈ ప్రయాణం మొత్తంలో నేను ఖర్చు పెట్టిన మంచి డబ్బు.

అయిదో రోజు షాపుల వేట. ఫిలింనగర్ వైపు ఒక షోరూమ్‌లో అయిదుగురు కూర్చునే టబ్బు 6,85,000 చెప్పారు. కాఫీ ఇచ్చారు, రంగురంగుల లైట్లు వేసి చూపించారు. 'ఇందులో ఓజోన్ ఉంది, మందులు అక్కర్లేదు' అన్నాడు సేల్స్ అబ్బాయి. ఇది అబద్ధం, వినగానే లేచి రండి. ఓజోన్ అనే వాయువు, గొట్టంలోంచి వెళ్తున్న నీటిని శుభ్రం చేస్తుందేమో గానీ టబ్బులో నిలిచి ఉండదు. మనుషులు కూర్చున్న నీళ్లలో ఎప్పుడూ క్లోరినో, దానిలాగే క్రిములను చంపే బ్రోమినో ఉండి తీరాలి. ఎర్రగడ్డ వైపు శానిటరీ షాపుల్లో 95,000కే 'హాట్ టబ్' అన్నారు. చూస్తే అది బాత్‌రూమ్‌లో పెట్టే జకూజీ బాత్‌టబ్. దాన్ని ప్రతి స్నానానికీ నింపి, ఖాళీ చేయాలి. నీళ్లు వేడిగా ఉంచే హీటరు, ఫిల్టరు అందులో లేవు. రెండూ ఒకటే అని చెప్పి అమ్మేస్తున్నారు. గాలి నింపే రకం ఆన్‌లైన్‌లో 62,000 ఉంది, కానీ దాని మెత్తటి అంచు పట్టుకుని అమ్మ దిగలేదు. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో మావారి ఓపిక అయిపోయింది. బేగంపేట ఫ్లైఓవర్ మీద ఇంక ఇంటికి పోదామన్నారు. రాణిగంజ్ ఒక్కటి చూసి వెళ్దామని బతిమాలాను.

రాణిగంజ్‌లో పంపులు, మోటార్లు, పైపుల షాపుల మధ్య స్విమ్మింగ్ పూల్ సామాను అమ్మే ఇరుకు దుకాణం. కుర్చీలో అరవై దాటిన పెద్దాయన. టబ్బు ధర అడిగితే చెప్పలేదు, 'ఎవరి కోసం బేటా? నీళ్లు ఏవి? ఎక్కడ పెడతారు?' అని ఆయనే అడిగారు. మేడ మీద అన్నాను. వెంటనే కాగితం తీసి లెక్క రాశారు. నీళ్లు 1,100 కిలోలు, టబ్బు 230, ముగ్గురు మనుషులు 200, మొత్తం ఒకటిన్నర టన్ను, అదీ నాలుగు చదరపు మీటర్ల లోపు జాగాలో. మామూలు డాబాను చదరపు మీటరుకు 150 కిలోల బరువు లెక్కతో కడతారట. స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా మేడ మీద పెట్టొద్దు, ఇంటి వెనక నేల మీద కాంక్రీటు వేసి పెట్టండి అన్నారు. అమ్మ కోసం అని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. జకూజీ అన్నది ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన అన్నదమ్ముల ఇంటిపేరట. అందులో కాండిడో అనే ఆయన కీళ్లవాతంతో బాధపడే తన కొడుకు కోసం నీళ్లను చిమ్మే పంపు చేశాడట, 1956లో అదే అమ్మకానికి వచ్చింది. 'సరదా కోసం పుట్టిన వస్తువు కాదమ్మా ఇది' అన్నారు.

ముగ్గురు కూర్చునే యాక్రిలిక్ టబ్బు, 3 కిలోవాట్ల హీటరు, గట్టి మూత, పట్టుకునే కడ్డీతో 3,40,000. జీఎస్టీతో 4,01,200. కాంక్రీటు దిమ్మకు 18,000, విడిగా వైరింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీకి 11,500, పక్క సందులోంచి మోసుకొచ్చిన ఎనిమిది మందికి 3,500. ఆర్‌సీసీబీ దగ్గర బేరం ఆడొద్దు, నీళ్లలో కూర్చునేది మనవాళ్లు.

సంక్రాంతి తర్వాతి వారం టబ్బు వచ్చింది, నేను మళ్లీ వెళ్లాను. అసలు పని అప్పుడు మొదలైంది. అక్క ఇంట్లో బోరుంది, నల్లా ఉంది. రెండు నీళ్లూ పరీక్ష చేశాను. బోరు నీళ్ల కాఠిన్యం (నీళ్లలో కరిగిన సున్నం లాంటి లవణాల లెక్క) 540 పీపీఎం, అంటే లీటరుకు 540 మిల్లీగ్రాములు, మంజీరా నీళ్లది 160. (నల్లా నీళ్లు కృష్ణవైనా గోదావరివైనా హైదరాబాద్‌లో పాతవాళ్లకు అవి మంజీరా నీళ్లే.) టబ్బుకు 150 నుంచి 250 మధ్య ఉంటే మంచిది. బోరు నీళ్లు పోసి ఉంటే గీజర్ కాయిల్‌కు పట్టినట్టే హీటరుకు సున్నం పట్టేది. రోజు విడిచి రోజు వచ్చే నల్లా కాబట్టి రెండు విడతలుగా నింపాం. 22 డిగ్రీల నుంచి 38కి రావడానికి ఏడు గంటలు, దాదాపు 20 యూనిట్లు పట్టింది. తర్వాత మూత గట్టిగా వేస్తే అంత ఖర్చు లేదు. మొదటి నెల అక్క కరెంటు బిల్లు 1,900 పెరిగింది.

మందుల్లో వరుస ముఖ్యం: ముందు ఆల్కలినిటీ, తర్వాత పీహెచ్, చివర క్లోరిన్. ఆల్కలినిటీ అంటే పీహెచ్‌ను అటూఇటూ ఊగకుండా పట్టి ఉంచే గుణం, 80 నుంచి 120 ఉండాలి. మాది 140 చూపించింది. దాంతో నీళ్లు చిమ్మే జెట్లు వేసిన ప్రతిసారీ నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరిగేది, మూడో రోజుకే 8.2. అంత పీహెచ్‌లో క్లోరిన్ ఉన్నా సరిగా పనిచేయదు. పెద్దాయనకు ఫోన్ చేస్తే సోడియం బైసల్ఫేట్ అనే ఆమ్లపు పొడి రోజుకు 25 గ్రాములు, నాలుగు రోజులు వేయమన్నారు. 100కి దిగింది, పీహెచ్ 7.4 దగ్గర నిలబడింది. తక్కువైన వాళ్లకు మందు ఇంకా చౌక, వంటింట్లో తినే సోడానే. వెయ్యి లీటర్లకు 17 గ్రాములు వేస్తే ఆల్కలినిటీ 10 పెరుగుతుంది. క్లోరిన్ కనీసం 3 పీపీఎం ఉండాలి. మా 1,100 లీటర్లకు డైక్లోర్ అనే క్లోరిన్ పొడి 6 గ్రాములు వేస్తే 3 వస్తుంది. పూల్ బిళ్లలుగా దొరికే ట్రైక్లోర్ వద్దు, అది బాగా ఆమ్ల గుణం ఉన్నది, టబ్బును తినేస్తుంది. దాన్నీ బ్లీచింగ్ లాంటి హైపోక్లోరైట్ పొడినీ పొరపాటున కూడా కలపకండి, మంట అంటుకుంటుంది, పేలుతుంది. ఒకే గరిటె రెండింటికీ వాడొద్దు.

పది రోజులు అద్దంలా ఉన్న నీళ్లు ఒక పొద్దున తెల్లగా మసకబారాయి, జెట్లు వేయగానే నురగ. అన్నీ కొలిచాను, క్లోరిన్ తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయి. క్లోరిన్ సున్నా. ఎంత వేసినా సాయంత్రానికి పోతోంది. అప్పుడు అక్కకు గుర్తొచ్చింది: అమ్మ రోజూ టబ్బులోకి దిగే ముందు నువ్వుల నూనెలో కర్పూరం కాచి మోకాళ్లకు పట్టించుకుంటోంది. తలకు కొబ్బరినూనె సరేసరి. ఒళ్లంతా నూనె రాసుకుని తలంటుకునే ఇళ్లు మనవి, అందుకే మన ఇళ్లలో టబ్బు పాడయ్యేది ముందు ఇక్కడే. ఆ నూనెను కాల్చడానికే క్లోరిన్ అంతా ఖర్చయిపోతోంది, ఫిల్టరు మడతలు జిడ్డెక్కాయి. అమ్మ చాలా నొచ్చుకుంది, ఇంక దిగనంది. ఒక పూటంతా కూర్చుని సర్దిచెప్పాం. ఇప్పుడు ముందు సబ్బుతో స్నానం, జుట్టుకు టోపీ, టబ్బులో పావుగంట, బయటకు వచ్చాక నూనె. వేడికి కండరాలు వదులయ్యాక పట్టిస్తే ఇంకా హాయిగా ఉందని ఆమే అంటోంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే దిగాలి. అమ్మ డాక్టరు 38 డిగ్రీలు, 15 నిమిషాలు, పక్కన మనిషి ఉండాలి అన్నారు. ఎవరికైనా 40 డిగ్రీలు దాటకూడదు.

ఫిల్టరు వారానికోసారి పైపుతో కడగడం, నెలకోసారి మందు నీళ్లలో నానబెట్టడం అక్క చూసుకుంటోంది. షాక్ మందు (పేరుకున్న మురికిని ఒక్కసారిగా కాల్చే మందు) వేశాక మూత 20 నిమిషాలు తీసి ఉంచాలి. నెలకు మందులు, నీళ్లలో ముంచి రంగు చూసే స్ట్రిప్పులు కలిపి 700 అవుతోంది. లీటర్లను 12తో, మళ్లీ రోజుకు దిగే మనుషుల సంఖ్యతో భాగిస్తే ఎన్ని రోజులకు నీళ్లు మార్చాలో సుమారుగా తెలుస్తుందని పెద్దాయన చెప్పారు. డైక్లోర్ వాడితే క్లోరిన్ పనిని మందగింపజేసే సయనూరిక్ యాసిడ్ నీళ్లలో పేరుకుంటుంది, తీయడానికి మందు లేదు, నీళ్లు పారబోయాల్సిందే.

స్ట్రిప్ చదవడం మాత్రం అమ్మే నేర్చుకుంది. పీహెచ్ గడి పసుపు రంగులో ఉంటే తక్కువ, కుంకుమ రంగుకు తిరిగితే ఎక్కువ, నారింజ తొనలా ఉండాలి. పొద్దున ఏడింటికి ఫోన్ చేసి, బాగున్నావా అని అడిగేకంటే ముందు, 'ఇవాళ నారింజే' అంటుంది. అమ్మా అక్కా ఇద్దరు దిగే లెక్కకు ఉగాది లోపే నీళ్లు మార్చాలి. ఆ వారం నల్లా సరిగ్గా రావాలి, లేకపోతే ట్యాంకర్ చెప్పాలి.