నల్లగొండలో దొరికే ఐసోమెట్రిక్ గళ్ళ పుస్తకం: ఫ్రాక్టల్ వక్రాలకు ఎంతవరకు పనికొస్తుంది?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక స్టేషనరీ దుకాణంలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ విద్యార్థుల కోసం ఐసోమెట్రిక్ గళ్ళ పుస్తకం, అంటే సమబాహు త్రిభుజాల గళ్ళున్నది, అమ్ముతున్నారు. ఏ4 కాగితం, గడి భుజం 7 మిల్లీమీటర్లు. ఫ్రాక్టల్ వక్రాలను, అంటే ఒకే ఆకారం దశ దశకూ చిన్నదవుతూ తిరిగి వచ్చే గీతలను, అంకెల వరుసలుగా రాసి, ఆ వరుసలను గీతలుగా మార్చడం పదో తరగతి పిల్లలకు నేర్పడానికి నేను దీనిని వాడుతున్నాను.

ఇలాంటి పుస్తకంలో మొదట చూడవలసింది గళ్ళు నిజంగా సమబాహు త్రిభుజాలేనా అన్నది. భుజం 7 మిల్లీమీటర్లయితే అడ్డగీతల మధ్య దూరం 6.06 ఉండాలి, అచ్చు వేసేటప్పుడు పేజీ కాస్త సాగినా మూడు దిశల కొలతలు ఒకటిగా ఉండవు. ఇందులో ఏ దిశలో పది గళ్ళు కొలిచినా 70 మిల్లీమీటర్లే వచ్చాయి. సందు చుక్కల ముగ్గులు వేసే ఇళ్ళ పిల్లలు కనుక ఈ అమరికను వెంటనే పట్టుకున్నారు.

కుడివైపు దిశకు 0 అని పేరు పెట్టి, అపసవ్య దిశలో 60 డిగ్రీలకొక అంకె చొప్పున 5 వరకు గుర్తించాలి. ఒక్కో అంకె అంటే ఆ దిశలో ఒక గడి పొడవు గీత. స్వీడన్ గణితవేత్త హెల్గే ఫాన్ కోక్ 1904లో వివరించిన వక్రానికి మొదటి దశ 0150. తరువాతి దశకు ప్రతి అంకె స్థానంలో ఆ అంకె, దానికి ఒకటి కలిపినది, ఒకటి తీసినది, మళ్ళీ అదే అంకె రాయాలి. 5 తరువాత 0 వస్తుంది, 0కి ముందు 5 ఉంటుంది. అలా 0150 1201 5045 0150 వస్తుంది. పెన్సిలు పట్టకముందే దీనిని సరిచూసుకోవచ్చు: అడ్డంగా కొలిస్తే 0 ఒక గడి ముందుకు అంటే కుడికి, 1, 5 అరగడి ముందుకు, 2, 4 అరగడి వెనక్కు, 3 ఒక గడి వెనక్కు. ఈ వరుసలో 0లు ఆరు, 1లు నాలుగు, 5లు నాలుగు, 2, 4 ఒక్కొక్కటి కనుక మొత్తం సరిగ్గా 9 గళ్ళు. తొమ్మిది రాకపోతే ఎక్కడో అంకె తప్పిందన్నమాట. నా దృష్టిలో ఈ పద్ధతిలోని అసలు విలువ ఇదే.

గోస్పర్ వక్రం అనే మరో ఫ్రాక్టల్‌తో పుస్తకం కొంత ఇబ్బంది పెడుతుంది. దాని మొదటి దశ 0534001. అయితే వీటిలో 5, 3, 1 అనే ముక్కలకు అదే సూత్రాన్ని వెనుక నుంచి, అంటే 1004350 అని చదివి వాడాలి. అందుకని ఆ అంకెలపై గీత పెట్టి గుర్తుంచుకోవాలి. పైగా దశ దశకూ బొమ్మ దాదాపు 19 డిగ్రీలు ఒరుగుతుంది కనుక ఎక్కడ మొదలుపెట్టాలో ముందే లెక్క వేసుకోవాలి. ఇంత రాయడానికి ఈ పుస్తకంలో మార్జిన్ అసలు లేదు, గళ్ళ సిరా ముదురు నీలం కావడంతో పెన్సిలు గీత మరుగున పడుతుంది. లేత బూడిద రంగు వాడి, ఎడమవైపు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదిలితే బాగుండేది.

కోక్ వక్రం మూడో దశ వరకైతే ఈ పుస్తకాన్ని నిస్సంకోచంగా కొనవచ్చు: 64 గీతలు, 27 గళ్ళు, 189 మిల్లీమీటర్లు పేజీ వెడల్పులోనే ఇముడుతాయి. నాలుగో దశకు 81 గళ్ళు కావాలి. 5 మిల్లీమీటర్ల గడితో ఏ3 సైజులో అచ్చు వేస్తే 405 మిల్లీమీటర్లు దాని పొడవులో సరిపోతాయని దుకాణదారుకు చెప్పాను. తరువాతి అచ్చులో కొన్ని వేయిస్తానన్నారు.