సముద్రపు నాచు: నాలుగేళ్ల వాడకంలో నేను చూసినవి

మా ఇంట్లో చేపలు వండం. సముద్రం ఇచ్చే పోషకాలు కొన్నయినా కంచంలోకి రావాలని నాలుగేళ్ల కిందట సముద్రపు నాచు తెప్పించడం మొదలుపెట్టాను. తార్నాకలో నాకు పచ్చిది ఎప్పుడూ దొరకలేదు, వచ్చేదంతా ఎండుదే. పచ్చి నాచులో నూటికి 80 నుంచి 90 పాళ్లు నీరే. ఆ నీటిని ఎలా తీశారన్నదాన్ని బట్టే మన డబ్బాలో ఏం మిగిలిందో తేలుతుంది.

మొదటి రెండేళ్లూ రామనాథపురం తీరం నుంచి వచ్చిన, ఎండలో ఆరబెట్టిన ఆకుపచ్చ నాచు వాడాను. చవక. కానీ ఒకసారి ఒక దుకాణం పంపిన పొట్లం ఎండుగడ్డి రంగుకు తిరిగి ఉంది. నానబెడితే గిన్నె అడుగున చెంచాడు ఇసుక మిగిలింది. పచ్చదనం పోయిందంటే పత్రహరితం విరిగిపోయినట్టే. దానితోపాటు కెరోటిన్లు, సి విటమిన్ కూడా చాలావరకు పోతాయి. కెరోటిన్లను వెలుతురు, గాలి కలిసి దెబ్బతీస్తాయి. మా అమ్మ మునగాకును మేడమీద కాకుండా గదిలో ఫ్యాను కింద ఎందుకు ఆరబోసేదో అప్పుడు తెలిసింది.

తర్వాత ఫ్రీజ్ డ్రై చేసిన వకామెకు, అంటే జపాన్‌వాళ్లు సూపుల్లో వేసుకునే నాచుకు, మారాను. నాచును గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో ఉంచితే మంచు కరగకుండానే ఆవిరైపోతుంది. వేడి పెద్దగా తగలదు కాబట్టి రంగు, విటమిన్లు బాగా నిలుస్తాయి. చెంచాడు రేకులను నీళ్లలో వేస్తే చూస్తుండగానే విచ్చుకుని, అంచుల ముడతలతో సహా పిడికెడు పచ్చటి ఆకులవుతాయి. ఎండలో ఆరినదానికి పావుగంట పట్టేది, అయినా నారనారగానే ఉండేది.

ధర మాత్రం మూడింతలు. క్యాల్షియం, మెగ్నీషియం, పీచు ఎలా ఆరబెట్టినా దాదాపు అలాగే ఉంటాయి. సి విటమిన్ కావాలంటే మనకు ఉసిరికాయ ఉంది. అందుకే నువ్వుల పొడిలోకి నీడలో ఆరినదే కొంటున్నాను. ఫ్రీజ్ డ్రై చేసినది చారులోకి, సూపులోకి మాత్రమే.

నోరి రేకుల (జపాన్‌లో అన్నం చుట్టే, కాగితంలాంటి నాచు) సంగతి వేరు. కాల్చనివి కొని సన్నని సెగ మీద రెండు వైపులా చూపిస్తే ఊదా నలుపు పోయి పచ్చగా మారుతుంది. వేడికి ఎర్ర వర్ణకం విరిగి పత్రహరితం బయటపడుతుంది. ఆ క్షణంలో వచ్చే వాసన కోసమే నేను కాల్చినవి కొనను.

కొంబు అనే మందపాటి నాచు విషయంలో మాత్రం జాగ్రత్త తప్పనిసరి, అందులో అయొడిన్ మరీ ఎక్కువ, అది మితిమీరితే థైరాయిడ్ పని దెబ్బతినవచ్చు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ చాలు. ఒక్క గ్రాము ఎండు కొంబులోనే 1000 మైక్రోగ్రాములకు పైగా ఉండవచ్చు. ఉడికిస్తే అందులో చాలా భాగం నీటిలోకి దిగుతుంది, ఆ నీళ్లు తాగితే మళ్లీ మనలోకే వస్తుంది. మా అత్తయ్య థైరాయిడ్ మాత్రలు వేసుకుంటారు. వైద్యుడు వద్దన్నాక కొంబు మా వంటింట్లోకి రాలేదు.

ఇంకొక మాట. ఆగస్టు ముసురులో మూత సరిగా పెట్టకపోతే ఫ్రీజ్ డ్రై నాచు రెండు రోజుల్లో మెత్తబడుతుంది. దాని నిండా సన్నని రంధ్రాలే కాబట్టి తేమను ఇట్టే పీల్చేస్తుంది. ఇప్పుడు చిన్న గాజు సీసాల్లో పోసి, బిగుతుగా మూతపెట్టి, వెలుతురు తగలని అరలో ఉంచుతున్నాను. జూన్‌లో తెరిచిన సీసా దసరా దాకా కరకరలాడుతూనే ఉంది.