అరటి పిలకలు కొనేవాళ్లు దుంప కడిగి చూడకుండా డబ్బులివ్వకండి

రావులపాలెం, కొత్తపేట వైపు అరటి వేసేవాళ్లు, అందులోనూ పిలకలు బయటి నుంచి తెప్పించుకునేవాళ్లు ఇది కాస్త చదవండి.

మాకు లంకలో అరెకరం ఉంది. ఎప్పుడూ మా తోటలో పిలకలే తవ్వి వేసుకునేవాళ్లం. పోయినేడు వరదకి తోట మొత్తం కుళ్లిపోవడంతో కర్పూర చక్రకేళి పిలకలు 550 కొన్నాను. అమ్మినాయన పేరు రాయను, ఆ గొడవ వేరే. ఫోన్లో ఫొటోలు పెట్టాడు, అన్నీ సూది పిలకలే (కత్తిలా సన్నటి ఆకులుండేవి, నాటడానికి మంచివి), దిట్టంగా ఉన్నాయి, పైగా మిగతావాళ్ల కన్నా పిలకకి 3 రూపాయలు తక్కువ. వ్యాన్ రాత్రి పదింటికి వచ్చింది. దుంపలకి మట్టి అలాగే ఉందేంటంటే "మట్టి ఉంటే దుంప ఆరిపోదండీ, బాగా బతుకుతుంది" అన్నాడు. టార్చి వేసుకుని లెక్కపెట్టుకున్నానే గానీ ఒక్క దుంప తిప్పి చూడలేదు. తప్పు నాదే.

మూడో నెల దాకా బాగానే ఉంది. తర్వాత ఎదుగుదల ఆగిపోయి ఆకులు పసుపు తిరిగాయి. యూరియా, పొటాష్ వేశాను, కదల్లేదు. పక్క చేను బాబాయి "పనామా తెగులేమోరా" అనేసరికి, అది మట్టిలోంచి పట్టి అరటిని లోపల్నుంచి ఎండబెట్టే తెగులు కదా, టెన్షన్ పట్టుకుని ఒక చెట్టు కోసి చూస్తే లోపల శుభ్రంగా ఉంది, గోధుమరంగు చారల్లేవు. దుంపని తొలిచే ముక్కు పురుగు బొక్కలూ లేవు. ఇంకో చెట్టుని రెండు చేతులా పట్టుకుని ఊపితే చేతికొచ్చేసింది. మిగిలినవి నాలుగు వేళ్లు, వాటి మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా ఏదో ఉంది. బూజు అనుకుని గోటితో గీకాను. బూజు కాదు, నువ్వుగింజంత కూడా లేని పురుగులు, మెల్లగా కదులుతున్నాయి, నలిపితే వేళ్లకి జిగురు. ఆ మట్టి నిండా చీమలు.

ఇది వేరు పిండినల్లి. మందార కొమ్మల మీద మనం రోజూ చూసే పిండినల్లికి చుట్టమే, కాకపోతే ఇది మట్టిలో వేళ్లనే పట్టుకుని రసం పీలుస్తుంది, అందుకే పైన ఎంత చూసినా దొరకదు. ఇది వదిలే తీపి జిగురు కోసం చీమలు కాపలా కాస్తూ దీన్ని మోసుకెళ్తాయి కూడా. కేరళలో నేంద్రన్ అరటికి ఉంది. ఇథియోపియాలో ఎన్సెట్ అని అరటి కుటుంబం పంటే ఒకటుంది, పండు కోసం కాదు, దుంపా కాండమూ తినడానికి పెంచుతారు, దానికీ ఇలాంటి వేరు పిండినల్లే పెద్ద బెడద, అక్కడా పాకేది ఎక్కువగా పిలకలతోనే.

ఆకుల మీద స్ప్రే దండగ. రెండుసార్లు కొట్టించి చెప్తున్నాను. మందు వేరు దగ్గరికి దిగాలి, దిగినా పురుగు ఒంటి మీద మైనం పూత దాన్ని అంత తేలిగ్గా అంటనివ్వదు. ఏ మందు, ఎంత మోతాదు అనేది షాపులో కాకుండా కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానంలో గానీ మీ ఉద్యాన అధికారిని గానీ అడగండి.

కొనేటప్పుడు మాత్రం పగలే దింపించుకోండి. బకెట్ నీళ్లు పెట్టి, మీకు నచ్చినవి ఓ పది తీసి మట్టి పోయేలా కడగండి, వాళ్లు ఏరి ఇచ్చినవి కాదు. వేళ్ల మొదట్లో తెల్లపిండి ఒక్కదానికి కనపడ్డా లోడు వెనక్కి పంపేయండి. బాగున్నా సరే వేళ్లూ దుంప పైచెక్కూ చెక్కేసి, ఆ చెక్కు తోటలో పడేయకుండా కాల్చాకే నాటండి. టిష్యూ కల్చర్ మొక్కలు ల్యాబ్ నుంచి శుభ్రంగానే వస్తాయి, కానీ తర్వాత నర్సరీ సంచుల్లో పెరిగేది మట్టిలోనే కదా, ఒకటి రెండు సంచులు చింపి చూడండి. పురుగున్న తోటలో వాడిన పారలు కూడా కడక్కుండా పక్క తోటకి ఇవ్వకండి.

అమ్మినాయనకి వేళ్ల ఫొటోలు పంపితే "మీ మట్టిలోదే అండి" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. నిన్న వాట్సాప్ గ్రూపులో మళ్లీ అవే ఫొటోలు పెట్టాడు, ఈసారి ఇంకో 2 రూపాయలు తగ్గించి.