దగ్గరి క్లినిక్కా, దూరపు థెరపిస్టా: విజయవాడ క్వీర్ జంటలకు ఏది మేలు?

భార్యాభర్తల మధ్య తగాదా వస్తే సర్దిచెప్పడానికి మేనమామో, పెద్దత్తో బయలుదేరి వస్తారు. విజయవాడలో ఒకే ఇంట్లో అద్దెకు ఉంటూ, ఇంటివారికి స్నేహితులమని చెప్పుకుని, లోపల జంటగా బతుకుతున్న ఇద్దరు అబ్బాయిలకు గానీ ఇద్దరు అమ్మాయిలకు గానీ ఆ అండ ఉండదు. మాట్లాడుకోవడం తగ్గిపోయినా, ఒకరికొకరు దూరమవుతున్నామని అనిపించినా, చెప్పుకోవడానికి వారికి థెరపిస్ట్ తప్ప వేరొకరు దొరకడం కష్టం. వారి ముందు సాధారణంగా రెండు దారులు ఉంటాయి. ఒకటి సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఉన్న సైకియాట్రిస్టును, కౌన్సెలర్‌ను నేరుగా కలవడం. రెండవది హైదరాబాద్, బెంగళూరు, ముంబై వంటి నగరాలలో క్వీర్ వ్యక్తులతో, అంటే స్వలింగ ఆకర్షణ ఉన్నవారి వంటివారితో, పనిచేయడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన థెరపిస్టుతో ఆన్‌లైన్‌లో మాట్లాడటం.

దగ్గరి క్లినిక్‌కు ఉన్న బలాన్ని తక్కువ చేయకూడదు. నిద్ర పట్టకపోవడం, తీవ్రమైన కుంగుబాటు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు ఉన్నప్పుడు మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని పరీక్షించి, మందులు రాసి, అవసరమైతే ఆసుపత్రిలో చేర్చగలిగిన వైద్యుడు ఊళ్లోనే ఉండాలి. అటువంటి సమయంలో దూరాన ఉన్న థెరపిస్ట్ కోసం వేచి చూడటం ప్రమాదం. అయితే అనుబంధాన్ని లోతు చేసుకోవాలని వెళ్లిన జంటకు అదే క్లినిక్‌లో ఎదురయ్యే చిక్కులు వేరు. వెయిటింగ్ హాల్లో బంధువు కనబడవచ్చన్న భయం చిన్నది కాదు. అంతకంటె పెద్దది, "పెళ్లి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి" అన్న సలహా వినవలసి రావడం.

ఆ సలహాకు వైద్యంలో ఆధారం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను 1990లోనే వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. లైంగికతను "మార్చే" చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని, మద్రాసు హైకోర్టు ఆదేశాల నేపథ్యంలో జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల కేసులో, తమ భాగస్వామిని ఎంచుకుని కలిసి జీవించే స్వేచ్ఛ వారికి ఉందని 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుర్తించింది. కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఫోనులో, "మేము ఒక గే జంట, మీరు ఇటువంటి జంటలతో పనిచేశారా?" అని అడగడం మంచిది. జవాబులో తడబాటు ఉన్నా ఫరవాలేదు, నేర్చుకునే మనసు ఉంటే చాలు. మార్చవచ్చునన్న మాట వినిపిస్తే మాత్రం అక్కడికి వెళ్లనక్కరలేదు.

క్వీర్ అఫర్మేటివ్ థెరపిస్ట్, అంటే క్వీర్‌గా ఉండటాన్ని సహజమని అంగీకరించి పనిచేసే థెరపిస్ట్, చేసే పని కేవలం తప్పుపట్టకుండా ఉండటంతో ఆగదు. ఇద్దరి మధ్య గొడవలో ఎంత భాగం వారి స్వభావాలది, ఎంత భాగం ఏళ్ల తరబడి దాచుకుని బతకడం వల్ల పేరుకున్న భయానిది అని ఆమె విడదీసి చూస్తుంది. ఒకరు పండుగకు భాగస్వామిని ఇంటికి తీసుకువెళ్లకపోవడం ప్రేమ తగ్గడం వల్లనా, తల్లిదండ్రుల భయం వల్లనా అన్నది తేలితేనే రెండవవారి గాయం మానుతుంది. 2023లో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది గనుక, రేపు ఏమవుతుందన్న బెంగ కూడా ఈ జంటల మాటల్లోకి తరచు వస్తుంది. దాన్ని అతిగా ఆలోచించడమని కొట్టిపారేయని మనిషి కావాలి.

అందుచేత, ప్రాణాపాయం లేనప్పుడు నేను ఆన్‌లైన్ థెరపిస్టునే ముందు ఎంచుకోమంటాను. ఒక షరతు: తెలుగులో మాట్లాడగలవారు దొరికితే వారినే చూసుకోవాలి, ఏడుపు వచ్చినప్పుడు మనిషికి అమ్మ భాషే అందుతుంది. పలుచని గోడల ఇంట్లో సెషన్ జరిపే పరిస్థితి లేకపోతే, ఆగి ఉన్న కారులోనో, నమ్మకమైన స్నేహితురాలి గదిలోనో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవచ్చు.

ఇద్దరూ కలిసి వెళ్లాలా, విడివిడిగానా అన్నది మరో ప్రశ్న. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని ఒకరు లోలోపల నలిగిపోతుంటే, ముందు ఆ ఒక్కరికి సెషన్లు అవసరం; సమస్య ఇద్దరి మాటతీరులోనో, దగ్గరితనంలోనో ఉంటే జంటగా వెళ్లడమే సరైనది. ఒకరు కొడుతున్నా, ఇంట్లో చెప్పేస్తానని బెదిరిస్తున్నా జంట సెషన్ వద్దు. అక్కడ భయపడే మనిషి నిజం చెప్పలేరు, చెప్పినందుకు ఇంటికి వచ్చాక శిక్ష పడుతుంది. విడి సెషన్లో చెప్పిన మాటను థెరపిస్ట్ జంట సెషన్లో బయటపెడతారా లేదా అన్నది మొదటిరోజే అడిగి తేల్చుకోవాలి. డబ్బు లేనివారు, అర్ధరాత్రి మాట అవసరమైనవారు 14416కు ఫోన్ చేయవచ్చు. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, తెలుగులోనూ మాట్లాడతారు, అయితే నెలల పాటు సాగే జంట థెరపీకి అది ప్రత్యామ్నాయం కాదు.