ఆదోని డివిజన్‌లో జెడ్పీ హైస్కూలు: పదేళ్లు దగ్గర్నుంచి చూశాక

ఐదో తరగతి అయిన పిల్లను ఎక్కడ చేర్పించాలని అడిగేవాళ్లకు ముందు తీర్పే చెప్తాను. జెడ్పీ (జిల్లా పరిషత్తు) హైస్కూల్లోనే చేర్పించండి, కానీ ఎనిమిదో తరగతి మీద కన్నేసి ఉంచండి. అందరూ పది గురించి కంగారు పడతారు. ఈ బడుల్లో పిల్లలకు అందేదీ, చేజారేదీ ఎక్కువగా ఎనిమిదిలోనే తేలిపోతుంది.

మా వైపు బడుల చరిత్ర కర్నూలు పట్నం బడులతో కలిసిపోయేది కాదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోవి. పట్నంలో బడి అంటే మునిసిపాలిటీది; మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య చదివింది కర్నూలు మునిసిపల్ హైస్కూల్లోనే. పల్లెల్లో బడి అంటే డిస్ట్రిక్టు బోర్డుది. 1959 చట్టంతో జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక ఆ బడులు వాటి కిందికి వచ్చాయి. పెద్దవాళ్ల నోట ‘బోర్డు స్కూలు’ అనే మాట ఆ డిస్ట్రిక్టు బోర్డు కాలంనాటిదే. వాళ్లు చదివింది ఫస్టు ఫారం నుంచి సిక్స్తు ఫారం దాకా, చివర ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష. సరిహద్దు పల్లెల్లో కన్నడ మీడియం ఇప్పటికీ ఉందంటే ఆ పాత బళ్లారి సంబంధమే కారణం. పిల్లకు కన్నడమో ఉర్దూనో మొదటి భాషగా కావాలంటే ఆ భాష పండితుడి పోస్టు నిండి ఉందా అని చేర్పించే రోజే అడగండి.

చదువు విషయంలో ఈ బడుల అసలు బలం సబ్జెక్టుకో టీచరు ఉండటం. లెక్కలకు, ఫిజికల్ సైన్సుకు, బయాలజీకి, సోషల్‌కు వేర్వేరు స్కూల్ అసిస్టెంట్లు; బి.ఎడ్. చేసి డీఎస్సీలో నెగ్గి వచ్చినవాళ్లు. ఇబ్బంది ఎక్కడంటే, బదిలీల్లో ఒక్క పోస్టు ఖాళీ అయినా ఆ సబ్జెక్టు ఏడాదంతా కుంటుపడుతుంది. హెడ్‌మాస్టరును పోయినేడు ఎంత శాతం పాసయ్యారని అడిగేకన్నా, లెక్కలకూ ఇంగ్లీషుకూ ఎవరున్నారని అడగడం మేలు.

పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఉంటాయి: ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. సరిగా వాడితే ఇది వరం. పిల్లలు చేసే పొరపాటు తెలుగు పేజీ చదివేసి పాఠం వచ్చేసిందనుకోవడం. తెలుగులో అర్థం చేసుకున్నాక ఇంగ్లీషు పేజీ పైకి చదివించి, అందులో పది మాటలు నోటుబుక్కులో రాయించాలి. ఇంగ్లీషు మీడియం పరీక్షలో ప్రశ్నే అర్థంకాక వదిలేసే పిల్లలు చాలామందికి జవాబు తెలుసు, ఆ మాటలే తెలియవు.

పదో తరగతి మొత్తం 600 మార్కులు. సైన్సు 50 చొప్పున రెండు పేపర్లు, తక్కినవి నూరేసి. హిందీలో 20 వస్తే పాసు, మిగతావాటిలో 35 కావాలి. ఈ 20 వల్లే హిందీని గాలికొదిలేస్తారు. పది మార్కులతోనే చేర్చుకునే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు చూసుకునేవాళ్లు అలా చేయకూడదు. అక్కడ లెక్క మొత్తం మార్కులది. హాస్టలు లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు ఆ ఎంపికలో 4 శాతం కలుపుతారు. జెడ్పీ బడిలో చేర్పించడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

ఇక ఎనిమిదో తరగతి. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పు కోసం పెట్టే ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష రాయగలిగేది ఆ ఒక్క ఏడాదే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000, అంటే నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. రెండోదాంట్లో సైన్సు 35, సోషల్ 35, లెక్కలు 20. మొదటిది రీజనింగు, బడి పుస్తకంలో ఉండదు కాబట్టి పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. జూన్ నుంచి రోజుకు ఇరవై ప్రశ్నలు గడియారం పెట్టి చేయిస్తే దారికొస్తారు. తప్పుకు మార్కులు కోసేది లేదు, ఏ ప్రశ్నా ఖాళీగా వదలనీయకండి.

పరీక్ష మామూలుగా డిసెంబరు మొదట్లో ఉంటుంది. మా వైపు పత్తి తీతకు ఇళ్లు ఖాళీ అయ్యేదీ ఆ రోజుల్లోనే. తరువాత గుంటూరు వైపు మిరపకోత. సుగ్గికి, అంటే కూలిపనులకు వలస పోయేటప్పుడు పిల్లనూ వెంట తీసుకుపోతే పరీక్షా పోతుంది, సంవత్సరపు చివరి పాఠాలూ పోతాయి. వలసపోయేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టలు ఎప్పుడు తెరుస్తారో దసరాకు ముందే హెడ్‌మాస్టరును అడిగి పేరు రాయించాలి. తొమ్మిది, పది పిల్లలకైతే ఎస్సీ, బీసీ హాస్టలు సీటు జూన్‌లోనే చూసుకోవాలి. ఊరు విడిచే వారంలో అడిగితే దొరకదు.

ఎంపికయ్యాక కూడా డబ్బు ఆగిపోయే ఇళ్లున్నాయి. తొమ్మిదిలో నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో నమోదు కాకపోతే మళ్లీ అవకాశం లేదు. ఆ తరువాత ఏటా రెన్యువల్ ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బడి రిజిస్టరులో పొడి అక్షరమే ఉంటే అక్కడే చిక్కు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, బడి రిజిస్టరు ఏడో తరగతిలోనే పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. పుట్టిన తేదీ కూడా. పది పరీక్ష రాసేవాళ్ల జాబితా (నామినల్ రోల్) వెళ్లాక దిద్దించడం తల్లిదండ్రులకు పెద్ద తిరుగుడు.

ఆటలకు వస్తే, ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు జాగా చాలు, ఏ బడిలోనైనా ఉంటుంది. కానీ మాది నల్లరేగడి. వాన పడితే నాలుగు రోజులు కాలు పెట్టలేం, ఎండితే నెర్రెలు. కోర్టు మేర గరుసు తోలించి, నీళ్లు చల్లి, రోలరు తిప్పితేనే ఆట సాగుతుంది. ఊళ్లో ట్రాక్టరున్నవాళ్లు ఒకపూట సాయం చేస్తే అయిపోయే పనికి ఏళ్లు గడిచిపోతుంటే బాధగా ఉంటుంది. అండర్-14, అండర్-17 జట్లలో మా ఆడపిల్లల కాళ్ల వేగం చూసినవాళ్లెవరూ ఆ పనిని వాయిదా వేయరు.

బడి పిల్లల సైన్సు ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డులో ఆలోచన ఎంపికైతే 10,000 రూపాయలు పిల్ల ఖాతాలో పడతాయి. వీడియోలు చూసి చేసిన సిరంజీల జేసీబీలు పంపితే ఎంపిక కావు. మిరపకాయ కోసేటప్పుడు వేళ్ల మంట తగ్గించేది, పత్తి సంచి భుజం కోయకుండా మోసేది, ఇలా ఇంట్లో రోజూ చూసే కష్టం నుంచి పుట్టిన ఆలోచనను ఆ పిల్ల మాటల్లోనే రాయించండి. సైన్సు టీచరును జులైలోనే కలవండి.